నిదానించిన తలంబ్రాలు: తిరుపతి, చిత్తూరు పెళ్లి వీడియోల్లో స్లోమోషన్

పెళ్లి వీడియోలో జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ శాస్త్రరీత్యా ఎంత ముఖ్యమైనవైనా వాటిలో కదలిక తక్కువ. తలంబ్రాలలో మాత్రం పసుపు బియ్యం దోసిళ్ల నుంచి జారి, తలల మీద చెదిరి, చూస్తుండగానే పీటల చుట్టూ రాలిపోతుంది కాబట్టి, నిదానించి చూపవలసిన ఘట్టమంటే అదే గుర్తుకు వస్తుంది. తిరుమల మఠాల్లోను, తిరుచానూరు, చిత్తూరు కల్యాణమండపాల్లోను జరిగే పెళ్లిళ్ల మీద బతికే వీడియో వృత్తి చరిత్రను ఈ ఒక్క ఘట్టం వెంట నడుస్తూ తెలుసుకోవచ్చు. పరికరాలు ఎన్ని మారినా ఆ వృత్తి ముందున్న ప్రశ్న మారలేదు: కెమెరా చూడని క్షణాలను ఎక్కడి నుంచి తేవాలి?

సినిమా వారికి ఈ ప్రశ్నకు జవాబు తొలినాళ్లలోనే దొరికింది. తెర మీద సెకనుకు 24 బొమ్మలు, అంటే 24 ఫ్రేములు నడిచేచోట కెమెరాను 48 ఫ్రేముల వేగంతో తిప్పితే కదలిక సగం వేగానికి దిగుతుంది. ప్రతి బొమ్మా నిజంగా తీసినదే కాబట్టి ఎక్కడా కుదుపు ఉండదు. దీనికోసం అద్దాలతో పనిచేసే యంత్రానికి 1904లో పేటెంట్ తీసుకున్న ఆగస్ట్ ముస్గర్ ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో భౌతికశాస్త్రం బోధించిన క్రైస్తవ పూజారి అన్న సంగతి పుణ్యక్షేత్రాల పాఠకులకు ఆసక్తి కలిగించవచ్చు. రుసుము కట్టలేక ఆయన 1912లో ఆ హక్కును పోగొట్టుకోగా, లాభం జర్మనీలోని ఎర్నెమాన్ సంస్థకు దక్కింది. అయితే ఫిల్ము ఖరీదు పెళ్లింటి వారికి అందేది కాదు గనుక ఆ పద్ధతి మండపం గడప తొక్కలేదు.

మండపానికి వచ్చింది వీహెచ్‌ఎస్ క్యాసెట్టు. భారతదేశం అనుసరించిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు ఉంటాయి. ఒక్కో ఫ్రేము రెండు అరబొమ్మలుగా, ఒకదానిలో సరి గీతలు, మరొకదానిలో బేసి గీతలుగా విడిపోయి నమోదవుతుంది. ఈ అరబొమ్మకు ఫీల్డు అని పేరు. ఒక ఫ్రేములోని రెండు ఫీల్డులు ఒకే క్షణానివి కావు, వాటి మధ్య సెకనులో యాభయ్యో వంతు తేడా ఉంటుంది. కనుక సెకనుకు 25 బొమ్మలే ఉన్నట్టు కనిపించే క్యాసెట్టులో నిజానికి 50 క్షణాలు దాగి ఉండేవి. సాధారణ వీసీఆర్‌లో టేపును నెమ్మదిగా తిప్పితే హెడ్డు పక్క ట్రాకుల మీదికి కూడా పోయి తెరపై తెల్లని చారలు పడేవి. అందువల్ల మిక్సింగ్ చేసేవారు పానాసోనిక్ ఎంఎక్స్50 వంటి మిక్సర్లలోని స్ట్రోబ్ అనే మీటను ఆశ్రయించారు. అది ఒక బొమ్మను కాసేపు నిలిపి, మధ్యలోవి వదిలేసి, తరువాతి బొమ్మకు దూకుతుంది. నిజానికి అది స్లోమోషన్ కానే కాదు, కాలం మామూలుగానే గడుస్తుంది, చూపు మాత్రం తడబడుతుంది. అయినా 1990ల పెళ్లి క్యాసెట్లలో మిక్సింగ్ ముద్రగా నిలిచిపోయిన ఆ గతుకుల నడకను ఇప్పుడు చూస్తే దానికీ ఒక అందం ఉన్నట్టే అనిపిస్తుంది.

1995లో వచ్చిన డీవీ టేపులు, ఆ తరువాత ఎడియస్, ప్రీమియర్ వంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు వేగాన్ని శాతాలలో కొలిచి తగ్గించే వెసులుబాటు ఇచ్చాయి. వేగాన్ని 50 శాతానికి తగ్గిస్తే సాఫ్ట్‌వేరు ప్రతి ఫ్రేమునూ రెండేసి సార్లు చూపుతుంది. 40 శాతానికి తగ్గిస్తే ఒకటి రెండుసార్లు, మరొకటి మూడుసార్లు వచ్చి కుదుపు మరింత ప్రస్ఫుటమవుతుంది. దాన్ని కప్పడానికి పక్కపక్క ఫ్రేములను ఒకదానిపై ఒకటి పలుచగా కలిపే ఫ్రేమ్ బ్లెండింగ్ వాడితే కుదుపు తగ్గుతుంది గాని గింజలకు బదులు పసుపు పొగమంచు కనిపిస్తుంది. ఫీల్డులను విడదీసి, ఒక్కోదాన్ని పూర్తి బొమ్మగా విస్తరించి వరుసగా పేర్చినట్లయితే సగం వేగపు నున్నని స్లోమోషన్ ఏ కొత్త కెమెరా లేకుండానే దొరికేది. దానికి ఒక్క సంగతి తెలిసి ఉండాలి: డీవీలో కింది ఫీల్డు ముందు వస్తుంది, తరువాత వచ్చిన ఇంటర్‌లేస్డ్ హెచ్‌డీలో పై ఫీల్డు ముందు వస్తుంది, ఈ వరుస తారుమారైతే పెళ్లికూతురి చెయ్యి ముందుకు వెనక్కు వణుకుతుంది. ఆ వణుకుకు భయపడి ఒక ఫీల్డును పూర్తిగా పారేసినచోటల్లా తీసిన క్షణాలలో సగం చేజారాయి. సాంకేతికంగా ఈ వృత్తికి కలిగిన పెద్ద నష్టం ఇదేనని చెప్పాలి.

లేని ఫ్రేములను లెక్కకట్టి సృష్టించే పద్ధతి ఆప్టికల్ ఫ్లో. ఒక ఫ్రేములోని ప్రతి చుక్కా తరువాతి ఫ్రేములో ఎక్కడికి చేరిందో పోల్చి, నడిమి క్షణంలో అది ఎక్కడ ఉండి ఉంటుందో ఊహించడమే దీని పని. దీని గణితాన్ని 1981లో ఒకవంక హార్న్, షుంక్, మరొకవంక లూకాస్, కనాడే ప్రతిపాదించారు. ట్విక్స్‌టార్ వంటి ప్లగిన్ల ద్వారా ఎడిటర్ల చేతికి వచ్చిన ఈ పద్ధతి 2015లో ప్రీమియర్‌లోనే భాగమైంది. నెమ్మదిగా నడిచివచ్చే వధూవరుల విషయంలో ఇది చక్కగా పనిచేస్తుంది, తలంబ్రాల దగ్గర మాత్రం ఓడిపోతుంది. ఇరవై సెంటీమీటర్లు రాలిన గింజ వేగం సెకనుకు సుమారు రెండు మీటర్లు. అంటే 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము నుంచి మరో ఫ్రేముకు అది ఎనిమిది సెంటీమీటర్లు దూకుతుంది. సెంటీమీటరైనా లేని గింజ అంత దూరం దూకితే, ఒకే రంగున్న వందల గింజలలో ఏది ఏదో పోల్చడం ఏ లెక్కకూ సాధ్యం కాదు. తిరుపతిలోని తాతయ్యగుంట గంగమ్మ జాతర చిత్రీకరణలోనూ ఇదే చిక్కు: డప్పుల దరువుకు ఊగే వేషధారుల చేతులు, వేపమండలు ఒకదాని వెనుక ఒకటి దాగి బయటపడుతుంటే, దాగిన చోటును సాఫ్ట్‌వేరు తన ఊహతో పూడ్చడంతో అంచులు కరిగిపోయినట్టు కనిపిస్తాయి. ఆ జాతర స్ఫూర్తితో 2024లో వచ్చిన ‘పుష్ప 2’ సినిమాలోని ఘట్టాన్ని చూసి తమ వీధి జాతరనూ అలాగే నిదానించాలనుకునే వారికి ఈ తేడా వెంటనే తెలిసివస్తుంది.

చివరకు జవాబు మళ్లీ కెమెరాలోనే దొరికింది. 2009 నాటి కెనన్ 7డీ 720 గీతల నాణ్యతలో 50 ఫ్రేములు, 2015 నాటి సోనీ ఏ7ఎస్ రెండో తరం కెమెరా పాల్ అమరికలో 100 ఫ్రేములు తీయగలిగాయి. గింజ దూకే దూరం ఎనిమిది నుంచి రెండు సెంటీమీటర్లకు తగ్గింది. ఇక్కడ మండపం దీపాలు కొత్త పరీక్ష పెట్టాయి. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో ప్రవహిస్తుంది కాబట్టి చోకుతో వెలిగే ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది, కంటికి అది తెలియదు. 120 ఫ్రేములతో తీసి 25 ఫ్రేములలో చూపితే మాత్రం ఆ మినుకు సెకనుకు నాలుగుసార్లు తెరనంతటినీ వెలుగునీడలతో కొడుతుంది. 100 ఫ్రేములతో తీస్తే ప్రతి ఫ్రేముకూ ఒక్కొక్క మినుకే దక్కి వెలుగు నిలకడగా ఉంటుంది. 60 ఆవృత్తుల అమెరికా పద్ధతికి అనుగుణమైన 120, 240 అంకెలతోనే 2013 తరువాతి సెల్‌ఫోన్లు వచ్చాయి గనుక, బంధువులు ఫోనులో తీసిన తలంబ్రాలు మినుకుతూ, పక్కనే వీడియోగ్రాఫరు తీసినవి మినుకకుండా ఉండడానికి చాలాసార్లు కారణం ఇదే, ఫోను నాసిరకమని కాదు.

ఇటీవలి సాఫ్ట్‌వేర్లు లక్షల వీడియోల నుంచి కదలికను నేర్చుకొని నడిమి ఫ్రేములను మరింత నమ్మకంగా అల్లుతున్నాయి. పాత క్యాసెట్లను పెన్‌డ్రైవులకు మార్పించుకుంటున్న ఈ రోజుల్లో ఆ సాఫ్ట్‌వేర్లకు అందించదగిన ముడిసరుకు ఆ క్యాసెట్లలోనే ఉంది. సెకనుకు 25 ఫ్రేముల మామూలు ఫైలుగా కుదించకుండా, ఫీల్డులను విడదీసి 50 ఫ్రేములుగా మార్పిస్తే, మిక్సరు స్ట్రోబ్ తగలని మూల టేపులలోని తలంబ్రాలు సగం వేగంతో, ఒక్క ఊహా ఫ్రేము కూడా చేర్చనవసరం లేకుండా నడుస్తాయి.