ఎక్కడ తెరిచినా అదే పేజీ

అనూ ఫాంట్లతో టైపు చేసిన తెలుగు ఉత్తరాన్ని ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే ఏమవుతుందో డీటీపీ పని చేసినవాళ్లందరికీ తెలుసు. అక్షరాల చోట పొంతన లేని ఇంగ్లీషు గుర్తులు బారులు తీరతాయి. అదే ఉత్తరాన్ని పీడీఎఫ్ చేసి పంపితే గుడులతో, ఒత్తులతో సహా ఉన్నదున్నట్టు కనపడుతుంది. ఆఫీసు కాగితం చేసే పనిని తన మీద వేసుకున్న ఈ పీడీఎఫ్ ఒక పన్ను ఫారం దగ్గర మొలకెత్తింది.

జాన్ వార్నాక్ 1982లో చార్లెస్ గెష్కీతో కలిసి అమెరికాలో అడోబీ సంస్థను పెట్టారు. పేజీ మీద ఏ అక్షరం, ఏ గీత ఎక్కడ పడాలో ప్రింటరుకు చెప్పే పోస్ట్‌స్క్రిప్ట్ భాష వాళ్ల తొలి విజయం. అయితే అది పూర్తిస్థాయి ప్రోగ్రామింగ్ భాష. గళ్లు, గీతలు కిక్కిరిసిన అమెరికా ఆదాయపు పన్ను ఫారం లాంటిది అచ్చు కావడానికి నిమిషాలు పట్టేది. వార్నాక్ ఒక ఉపాయం పన్నారు. ప్రోగ్రామును ఒక్కసారి నడిపించి, చివరికి తేలిన గీతలనూ అక్షరాలనూ మాత్రమే విడిగా రాయించారు. లెక్కలన్నీ ముందే తీరిపోవడంతో ఫారం సెకన్లలో బయటికొచ్చింది.

1991లో ఆ ఉపాయమే పునాదిగా 'కేమెలాట్' పేరుతో ప్రతిపాదన రాశారు. ఎక్కడ తయారైన పత్రమైనా ఏ కంప్యూటర్లోనైనా అదే రూపంలో కనపడాలి, ఏ ప్రింటర్లోనైనా అచ్చు కావాలి. ఫాంట్లను ఫైలే వెంట తీసుకెళ్తుంది. ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక ఫైలు చివర ఉంటుంది కాబట్టి నూరో పేజీకి నేరుగా వెళ్లవచ్చు.

1993లో పీడీఎఫ్ మార్కెట్లోకి వచ్చింది. మొదట్లో చదివే సాఫ్ట్‌వేరుకే డబ్బు కట్టాల్సి వచ్చేది. దాన్ని ఉచితం చేశాకే పీడీఎఫ్ ఊపందుకుంది. అమెరికా పన్నుల శాఖ తన ఫారాలను అందులో ఇవ్వసాగింది. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. ఒక కంపెనీ ఉన్నా పోయినా మన రికార్డులు తెరుచుకుంటాయన్న భరోసా అప్పుడే దక్కింది.

రూపం నిలిస్తే చాలదు, వెతికితే దొరకాలి. అనూలో టైపు చేసిన పీడీఎఫ్ మన కంటికి తెలుగే, కంప్యూటరుకు మాత్రం ఇంగ్లీషు గుర్తులే. అందులో 'పట్టా' అని వెతికితే దొరకదు. అందుకే ఆఫీసు పత్రం ఏదైనా, తెలుగు అక్షరాన్ని కంప్యూటరు కూడా తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లోనే టైపు చేయండి. పీడీఎఫ్‌తో పాటు ఆ మూల ఫైలునూ దాచండి.