ఫిలిప్పీన్ దీవుల ఇంటిపేళ్లు

ఫిలిప్పీన్ దీవుల జనుల పేళ్లను మొట్టమొదట వినునట్టి పరదేశీయునికి, రేయెస్, గార్సియా, మెండోజా, విల్యనువేవా, రామోస్ అను ఇంటిపేళ్లు వరుసగా చెవిని బడగా, వీరందరును ఏనాడో స్పెయిను దేశమునుండి ఓడలెక్కి వచ్చి యచట స్థిరపడిన కుటుంబముల సంతతివారై యుందురని తోచుట సహజము. కాని 1565వ సంవత్సరము మొదలు 1898 వరకు, మూడు వందల సంవత్సరములకు మించిన కాలము, ఆ దీవులను స్పెయిను పాలించినను, అంతటి దూర సముద్రములను దాటి వచ్చి యచట కాపురములు పెట్టిన స్పానియార్డులు మిక్కిలి కొలదిమంది. ఆ దేశపు రైతునకును, జాలరికిని, వడ్రంగికిని స్పానిషు ఇంటిపేరు వచ్చినది 1849వ సంవత్సరమున ఒక పాలకుడు ఊరూరికి పంపిన పట్టికనుండి. ఒక జనసమూహము ప్రభుత్వపు టుత్తరువుచే స్వల్పకాలములో ఇంటిపేళ్లు దాల్చిన ఈ వృత్తాంతము విచిత్రమైనది. ఆ పేళ్లను ఆ జనులు పిదప తమ సొంతము గావించుకొన్న తీరు నా దృష్టిలో అంతకంటెను గొప్పది.

స్పానియార్డులు రాకపూర్వము ఆ దీవులలో తరతరములకు సంక్రమించు ఇంటిపేరు లేదు. పేద్రో చిరినో యను యేసుసభ గురువు 1604లో ప్రకటించిన తన గ్రంథమున ఆ దీవులవారిలో ఒక తెగయైన తగలోగు జనుల నామకరణ పద్ధతిని శ్రద్ధతో వర్ణించి యున్నాడు. బిడ్డకు పేరు పెట్టు అధికారము తల్లిదట. ప్రసవము కష్టమైనచో ఆ బిడ్డ ‘మలివాగ్’, అనగా కష్టముతో వచ్చినవాడు. పుట్టుకతోనే దృఢకాయుడుగా కానవచ్చినచో ‘మలకాస్’, అనగా బలవంతుడు. వయసు వచ్చి, పెండ్లియై, మొదటి సంతానము కలిగిన పిదప తల్లిదండ్రుల పేళ్లే మారిపోయెడివి. నిన్నటివరకు తన పేరుతో పిలువబడినవాడు నేటినుండి ‘అమా ని మలివాగ్’, అనగా మలివాగ్ తండ్రి, అని గౌరవముగా పిలువబడెడివాడు. మన దేశమున పేరు తాతనుండి మనుమనికి దిగివచ్చును. అచట అది బిడ్డనుండి తండ్రికి ఎక్కిపోయెడిది. సంతానవంతుడగుటయే మనుష్యునకు పరిపూర్ణమైన గుర్తింపు అను భావము ఇంత స్పష్టముగా వ్యక్తమైన ఆచారములు అరుదు.

క్రైస్తవమతము వ్యాపించిన పిమ్మట జ్ఞానస్నానముతోపాటు హువాన్, పేద్రో, మరియా అను పునీతుల పేళ్లు ఇంటింట ప్రవేశించినవి. ఒక్క పేరుతో పని జరుగనిచో, రెండవ పేరుగా మరియొక పునీతుని పేరునో, భక్తిసూచకమైన పదమునో ఎవరి ఇష్టము చొప్పున వారు తగిలించుకొనిరి. పవిత్రమైన సిలువకు సంబంధించిన ‘దె లా క్రూజ్’, పునీతులందరిని సూచించు ‘దె లోస్ సాంతోస్’ అనునవి అందరికిని ప్రియమైన పేళ్లగుటచే, ఒక్కొక్క పట్టణమున ఆ పేళ్లవారు లెక్కకు మిక్కిలియైరి. ఒక తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములు ముగ్గురు మూడు వేరు పేళ్లతో నుండుటయు, ఏ బంధుత్వమును లేని వందలమంది ఒకే పేరుతో నుండుటయు సామాన్యమయ్యెను. జనులకు దీనివలన బాధ యేమియు లేకుండెను. ఊరిలో ఎవరు ఎవరి బిడ్డయో అందరెరిగినదే గదా. చిక్కు వచ్చినది పన్ను వసూలు చేయువానికి.

1844లో గవర్నరు జనరలుగా మనీలాకు వచ్చిన నార్సిసో క్లావేరియా స్వభావమున క్రమబద్ధతపై మిక్కుటమైన ప్రీతి గలవాడు. అతడు మొట్టమొదట సరిదిద్దినది కాలమునే యని చెప్పవలెను. స్పానియార్డులు ఫిలిప్పీన్ దీవులను చేరినది పడమటి దిక్కుగా పయనించి, అమెరికాను దాటి, పసిఫిక్ మహాసముద్రము మీదుగా. అటుపిమ్మట 1565 మొదలు 1815 వరకు రెండున్నర శతాబ్దములు మనీలాకును మెక్సికోలోని ఆకపుల్కో రేవునకును నడుమ నడచిన గాలియన్ నౌకలే ఆ దీవులకు స్పెయినుతో ప్రధాన బంధముగా నుండినవి. కావున మనీలా తిథివారములు అమెరికా లెక్క ననుసరించుచు, ఇరుగుపొరుగున నున్న మకావో, సింగపూరులకంటె ఒక దినము వెనుకబడి యుండెడివి. మెక్సికో 1821లో స్వతంత్రమై, మనీలా వర్తకము చైనా, సింగపూరు, ఇండియాల వైపునకు మరలిన పిదప, పొరుగు రేవున బుధవారమైనపుడు తమ రేవున మంగళవారముగా నుండుట వర్తకులకును అధికారులకును అసౌకర్యమయ్యెను. అగ్రపీఠాధిపతి సమ్మతి వడసి క్లావేరియా 1844 డిసెంబరు 31వ తేదీని పంచాంగమునుండి తొలగించెను. సోమవారము, డిసెంబరు 30న నిద్రించిన మనీలా బుధవారము, 1845 జనవరి 1న మేల్కొనెను. ఆ సంవత్సరము అధిక దినము గల 366 దినముల సంవత్సరమైనను, ఆ దీవులలో మాత్రము 365 దినములతోనే ముగిసినది. ఆ మంగళవారమున ఫిలిప్పీన్ దీవులలో ఎవడును పుట్టలేదు, ఎవడును గిట్టలేదు. అది యచట లేనే లేదు.

దినమును దిద్దిన ఆ చేయియే ఐదేండ్ల పిమ్మట పేళ్లను దిద్దెను. రాష్ట్రములలో పెక్కింటిని తాను స్వయముగా సంచరించి చూచితిననియు, జనులు తమ యిష్టానుసారము పునీతుల పేళ్లను గ్రహించుటచే ఒకే పేరుగలవారు వేలకొలదిగా నున్నారనియు, న్యాయవిచారణకును, ఖజానాకును, శాంతిభద్రతలకును దీనివలన విఘాతము కలుగుచున్నదనియు క్లావేరియా 1849 నవంబరు 21 నాటి తన ఉత్తరువున పేర్కొనెను. వివాహసమయమున వధూవరులకు నిషిద్ధమైన రక్తసంబంధ మున్నదో లేదో నిర్ణయించుట కష్టమగుచున్నదనియు, ఇందువలన దేవాలయములందలి జ్ఞానస్నాన పుస్తకములే నిరుపయోగము లగుచున్నవనియు అతడు చెప్పిన కారణము గమనింపదగినది. పన్నును, వెట్టిని ఎగవేయువారిని పట్టుకొనవలెనన్న ప్రభుత్వాభిలాషయు, సగోత్ర వివాహములను నివారింపవలెనన్న మతాభిలాషయు ఒకే యుత్తరువున కలిసికొన్నవి.

ఇందుకై అక్షరక్రమమున ఒక నామావళి ముద్రితమయ్యెను. అందు సుమారు 61,000 పేళ్లు గలవు. స్పెయిను దేశపు ఇంటిపేళ్లతోబాటు మతాచార్యులు సేకరించి పంపిన దేశభాషా పదములును, చెట్లు, ఖనిజములు, ప్రదేశములు, కళలకు సంబంధించిన పదములును అందు చేరినవి. అనగా చేతికందిన ప్రతి పదమును ఒక వంశమునకు శిరోనామము గాగల యోగ్యతను పొందినది. రాష్ట్రాధికారి ఆ నామావళి పుటలను ఊళ్ల జనసంఖ్య ననుసరించి విభజించి విచారణ గురువులకు పంపెను. గురువును, గ్రామాధికారియు, ఇద్దరు పెద్దమనుష్యులును కూర్చుండగా, పన్ను వసూలుకు బాధ్యుడైన పెద్ద తన క్రింది కుటుంబములను వెంటబెట్టుకొని వచ్చెడివాడు. ప్రతి కుటుంబమునుండి తండ్రియో, వయోవృద్ధుడో ముందుకు వచ్చి ఆ పుటలనుండి ఒక పేరును కోరుకొనును, లేదా వారిచ్చిన పేరును స్వీకరించును. నాటినుండి అతని సంతతికెల్ల అదియే ఇంటిపేరు. బడిపంతుళ్లు పిల్లలను ఆ పేళ్లతోనే పిలువవలెననియు, పేళ్ల పట్టీ నుంచవలెననియు శాసింపబడెను. ఇంటిపేరు లేనివానికి ఏ దస్తావేజును దొరకదు.

నామావళిని పుటలుగా చీల్చి పంచుటవలన ఒక వింత ఫలితము కలిగినది. ఒక ఊరికి చేరిన పుటలలోని పేళ్లన్నియు ఒకే అక్షరముతో మొదలగుటచే, ఆ ఊరివారి ఇంటిపేళ్లన్నియు ఆ యక్షరముతోనే మొదలయ్యెను. బికోల్ ప్రాంతమున అల్బాయ్ రాష్ట్రములో ఈ పద్ధతి ఎంత నిష్ఠగా నడచినదనగా, నేటికిని ‘ఆర్’ అక్షరముతో మొదలగు ఇంటిపేరు గల ఆ రాష్ట్రపువానిని చూచినచో, అతని తాతముత్తాతలు ఓఆస్ పట్టణపువారై యుందురని తెలిసినవారు ఊహింపగలరు. కార్యాలయపు సౌకర్యమునకై చీల్చిన కాగితము ఒక ఊరివారికి జన్మభూమి చిహ్నమై నిలిచినది.

ఉత్తరువు అందరికిని సమముగా సోకలేదు. నాలుగు తరములుగా ఒక ఇంటిపేరును నిలుపుకొన్నామని నిరూపించినవారు దానినే యుంచుకొనవచ్చును. మకపగల్ వంటి దేశీయమైన పేళ్లు నేటికిని నిలిచియున్నవి. స్పానియార్డుల రాకనాటికి తోండో పట్టణమునకు ప్రభువైన లకన్‌దూలా పేరు అతని వంశీకులకే చెందవలెనని నియమించిరి. చైనానుండి వచ్చి స్థిరపడిన కుటుంబములలో, మూలపురుషుని నామమంతయు గౌరవవాచకమైన ‘కో’ తోగూడ ఒకే పదముగా అతుక్కొని, కొహువాంగ్‌కో వంటి ఇంటిపేళ్లేర్పడినవి. దక్షిణమున మిందనావో ముస్లిములును, ఉత్తరపు కొండజాతులును స్పెయిను అధికారమునకు చాలవరకు లోబడనివా రగుటచే, నామావళియు వారిని చేరలేదు.

ఈ పేళ్ల కథకు పరమార్థము హోసే రిజాల్ జీవితమున గోచరించును. ఆయన పితృవంశమునకు మూలపురుషుడు చైనా వర్తకుడు. క్రైస్తవుడైన పిదప ఆ వంశము వహించిన పేరు మెర్కాదో, అనగా అంగడి. 1849 నాటి యుత్తరువు పిమ్మట ఆయన తండ్రి ఫ్రాన్సిస్కో మెర్కాదో, పచ్చని పైరును స్ఫురింపజేయు రిజాల్ అను పేరును చేర్చుకొనెను; తానొక సేద్యగాడు గనుక అది తగియే యుండెను. కాని యింటివారు దానిని అంతగా వాడలేదు. 1872 ఫిబ్రవరిలో దేశీయుడైన హోసే బుర్గోస్ గురువును, మరి యిద్దరు గురువులను ప్రభుత్వము రాజద్రోహ నేరమున మరణశిక్షకు గురిచేసినపుడు, బుర్గోసుకు సన్నిహితుడుగా నుండిన రిజాల్ అన్న పాసియానో మెర్కాదోపై అధికారులకు అనుమానము కలిగెను. ఆ సంవత్సరమే మనీలాలోని అతెనేయో విద్యాలయమున చేరవలసిన పదకొండేండ్ల తమ్మునికి మెర్కాదో పేరు ప్రమాదకరమగునని తలచి, అంతవరకు మూలబడియున్న రిజాల్ పేరుతో చేర్చిరి. ప్రజలను లెక్కలో నిలుపుటకై ప్రభుత్వమిచ్చిన పేరు, ఆ ప్రభుత్వపు కన్నునుండి ఒక బాలుని కాపాడినది. ఆ బాలుడే పెద్దవాడై 1887లో నోలి మే తంగెరె యను నవలను ప్రకటించి, 1896 డిసెంబరు 30న మనీలాలో తుపాకి గుండ్లకు ప్రాణము నర్పించి, జాతికంతకును ఆరాధ్యుడయ్యెను. ఐదేండ్లలో మనీలాను చుట్టియున్న రాష్ట్రమునకే రిజాల్ అని పేరు పెట్టిరి.

ఆ 1896 ఆగస్టులో, ఒక రహస్య విప్లవసంఘమునకు నాయకుడైన ఆంద్రేస్ బోనిఫాసియో అనుచరులు మనీలా శివారున గుమిగూడి, పన్ను చెల్లించినట్లు సాక్ష్యమైన ‘సెదులా’ కాగితములను చించి విప్లవము నారంభించిరి. ఆ కాగితముల మీద నుండినవి ప్రభుత్వమిచ్చిన ఆ పేళ్లే. తమ సంఘమున వారు దేశభాషలో మారుపేళ్లు ధరించిరి. బోనిఫాసియో ‘మయ్‌పగసా’, అనగా ఆశ గలవాడు. అయినను 1898లో స్వాతంత్ర్యము ప్రకటించుకొన్న పిమ్మటను ఇంటిపేళ్లను త్యజింపవలెనని వారికి తోచలేదు. అప్పటికి రెండు తరములు గడచినవి; ఆ పేరుతో తండ్రిని పాతిపెట్టిరి, బిడ్డకు జ్ఞానస్నానము చేయించిరి; పరాయివాడిచ్చినదను తలంపు మాసిపోయినది. స్పానిషు సంప్రదాయమున తండ్రి ఇంటిపేరు వెనుక నిలిచెడి తల్లి ఇంటిపేరును, స్పెయిను పిదప వచ్చిన అమెరికా పాలనాకాలమున నడుమకు తెచ్చి నిలుపుకొన్నారు. నేటికిని ఫిలిప్పీన్ బిడ్డ పేరులో తల్లి పుట్టినింటి పేరు మధ్యస్థానమున నుండును. తల్లి కులమును ఇంత గౌరవముగా మోయు ఆచారము మన మభినందింపదగినది.

పేరు పెట్టుటలో తల్లులకు గల పూర్వపు స్వేచ్ఛయు నశింపలేదు. ఇంటిపేరు శాసనబద్ధమైనను ముద్దుపేరు ఇంటివారిదే. దేశాధ్యక్షులును నోయ్‌నోయ్, బాంగ్‌బాంగ్ అను ముద్దుపేళ్లతోనే ప్రజల నోట నిలిచిరి. లూజోన్, విసాయాస్, మిందనావో అను మూడు దీవిభాగముల పేళ్లను కలిపి ఆడుబిడ్డకు లూజ్‌విమిందా అని పేరిడిన తల్లులు కలరు.

కావున పాఠకులలో ఎవరికైనను, ఓడమీదనో ఆసుపత్రిలోనో పనిచేయు ఒక రేయెసో, ఒక సాంతోసో పరిచితులైనచో, మీ పూర్వులు స్పెయినునుండి యెప్పుడు వచ్చిరని అడుగవద్దు. మీది ఏ ఊరని అడుగుడు. తల్లి యింటిపేరేమని అడుగుడు. వారి వంశచరిత్ర అచట మొదలగును.