పిల్లల క్షయ నిర్ధారణ: రోగనిరోధక కణ సూచికల చరిత్ర

రక్తంలోని రోగనిరోధక కణాలపై ఉండే కొన్ని ప్రోటీన్లను బట్టి క్షయను గుర్తించవచ్చు. ఆ ప్రోటీన్లను కణ సూచికలు లేదా మార్కర్లు అంటారు. పెద్దల కన్నా పిల్లలకే వీటి అవసరం ఎక్కువ. చిన్నపిల్లలు కళ్లెను ఉమ్మలేక మింగేస్తారు. పొద్దున్నే పరగడుపున ముక్కులోంచి గొట్టం వేసి కడుపులోని ద్రవాన్ని తీసి పరీక్షించినా, వాళ్లలో బ్యాక్టీరియా సంఖ్య తక్కువ కాబట్టి, వ్యాధి ఉన్న చాలామందిలో కల్చర్‌కు, అంటే క్రిమిని ప్రయోగశాలలో పెంచి చూసే పరీక్షకు, ఏమీ దొరకదు. క్రిమి చిక్కనప్పుడు దానితో పోరాడుతున్న శరీరాన్నే పరీక్షించాలన్న ఆలోచన 100 ఏళ్లకు పైగా సాగుతోంది.

క్షయ బ్యాక్టీరియాను రాబర్ట్ కోచ్ 1882లో బెర్లిన్‌లో ప్రకటించాడు. 1890లో ఆయన ట్యుబర్క్యులిన్‌ను మందుగా తెచ్చాడు గానీ అది రోగాన్ని నయం చేయలేకపోయింది. దాన్ని పరీక్షగా మార్చింది వియన్నా పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే. 1907లో ఆయన పిల్లల చర్మాన్ని కాస్త గీరి, అక్కడ ట్యుబర్క్యులిన్ చుక్క వేసి, వాపు వస్తుందేమో చూశాడు. జబ్బు లక్షణాలేవీ లేని పిల్లల్లోనూ వాపు వచ్చింది. వయసు పెరిగేకొద్దీ అలాంటి వాళ్ల సంఖ్యా పెరిగింది. క్రిమి ఒంట్లో చేరడం వేరు, జబ్బు పడటం వేరు అని అలా తేలింది. ఆ తర్వాతి చరిత్రంతా ఈ రెండింటినీ విడదీసే ప్రయత్నమే. 1908లో ఫ్రెంచి వైద్యుడు షార్ల్ మాంటూ సూదితో చర్మం పొరల్లోకి ఎక్కించే పద్ధతి తెచ్చాడు. మన ఆసుపత్రుల్లో మాంటూ పరీక్ష అనేది దీన్నే.

ఆ వాపుకు కారణం రక్తరసం కాదు, కణాలు. 1940లలో కార్ల్ లాండ్‌స్టైనర్, మెరిల్ చేజ్ గినీ పందుల మీద ఈ దిశగా ప్రయోగాలు చేశారు. ఒక జంతువు కణాలను మరో జంతువుకు ఎక్కిస్తే ఆ ప్రతిస్పందన కూడా వెంట వెళ్లింది. ఆ కణాలను టి-కణాలు అనే రోగనిరోధక కణాలుగా గుర్తించింది ఆ తర్వాతి తరం. ఈలోగా క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా వ్యాపించింది. భారతదేశంలో ఆ టీకా 1948లో ప్రయోగాత్మకంగా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. టీకా పడిన పిల్లల్లోనూ మాంటూ వాపు రావచ్చు కాబట్టి పరీక్షను నమ్మడం కష్టమైంది.

ఈ చిక్కుకు దారి పశువైద్యం చూపింది. పశువుల క్షయ కోసం 1980ల చివర్లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు రక్తాన్ని క్షయ క్రిమి ప్రోటీన్లతో (యాంటిజెన్లతో) కలిపి, టి-కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రోటీన్‌ను కొలిచారు. బీసీజీలో లేని జన్యుభాగం 1990లలో బయటపడింది. అందులోని ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 ప్రోటీన్లను వాడటంతో టీకా వల్ల కలిగే గందరగోళం తప్పింది. అయినా క్వాంటిఫెరాన్, టి-స్పాట్ వంటి ఈ పరీక్షలు క్రిమి చేరిందని చెప్పగలవే తప్ప జబ్బుందో లేదో తేల్చలేవు. పైగా పసిపిల్లల్లో ఫలితం తేలకపోవడమూ కద్దు.

అసలు మలుపు ఫ్లో సైటోమీటర్‌తో వచ్చింది. లేజర్ కాంతిలో ఒక్కో కణాన్నీ పరీక్షించే ఈ యంత్రం ఆఫ్రికా ప్రయోగశాలల్లోకి ప్రధానంగా హెచ్ఐవీ రోగుల్లో సీడీ4 అనే రకం టి-కణాల లెక్క కోసం వచ్చింది. క్షయ పరిశోధకులకూ అదే అక్కరకొచ్చింది. సీడీ27 అనే ప్రోటీన్ విశ్రాంతిగా ఉన్న జ్ఞాపక టి-కణాల మీద నిలిచి ఉంటుంది. క్రిమి పెరుగుతూ పదే పదే ఎదురైతే ఆ కణాలు దాన్ని కోల్పోతాయి. 2014లో టాంజానియా పిల్లలపై జరిగిన అధ్యయనం క్షయకు స్పందించే టి-కణాల్లో సీడీ27 తగ్గడాన్ని కొలిచింది. కల్చర్‌లో నిర్ధారణ అయిన పిల్లల్లో దాదాపు 83 శాతం మందిని పట్టుకుంది. జబ్బులేని వాళ్లలో 97 శాతం మందికి లేదనే చెప్పింది. రక్తం తీసిన 24 గంటల్లో ఫలితం వచ్చింది. వారాలు పట్టే కల్చర్‌తో పోలిస్తే ఇది పిల్లల క్షయలో పెద్ద ముందడుగు. అధ్యయనం చిన్నది కాబట్టి తుది మాట మాత్రం కాదు. మరుసటి ఏడాది వెలువడిన పరిశోధన పెద్దల్లో టి-కణాల చురుకుదనాన్ని తెలిపే సీడీ38, హెచ్ఎల్ఏ-డీఆర్, కేఐ-67 సూచికలను పరిశీలించింది. చికిత్స పనిచేసేకొద్దీ అవి తగ్గుతాయని కూడా చూపింది. అంటే ఇవి మందు ఫలితాన్నీ చెప్పగలవు.

కౌమారుల సంగతి వేరు. పదేళ్లు దాటాక క్షయ పెద్దల రూపు తీసుకుంటుంది. ఊపిరితిత్తుల్లో గుహలు ఏర్పడతాయి, తోటివారికి అంటుతుంది. దక్షిణాఫ్రికాలోని వుస్టర్ ప్రాంతంలో 12 నుంచి 18 ఏళ్ల వయసున్న 6 వేల మందికి పైగా విద్యార్థులను ఏళ్ల తరబడి గమనించారు. వాళ్ల రక్తంలోని 16 జన్యువుల చురుకుదనాన్ని బట్టి జబ్బు బయటపడబోతోందని ముందే పసిగట్టవచ్చని 2016లో తేలింది. అదే ఏడాది, అక్కడి శిశువుల్లో హెచ్ఎల్ఏ-డీఆర్ ఉన్న సీడీ4 కణాలు ఎక్కువైతే క్షయ ముప్పు కూడా ఎక్కువని మరో పరిశోధన చెప్పింది.

అయితే ఈ కణ సూచికలను కొలిచే ఫ్లో సైటోమీటర్ ఖరీదైనది, నడపడానికి నిపుణులు కావాలి, రక్తం తాజాగా ఉండాలి. పిల్లల క్షయ ఎక్కువగా ఉన్న ఊళ్లకు అది చేరకపోవడమే ఇప్పుడు ప్రధానమైన లోటు. 2022 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం పదేళ్లలోపు పిల్లల చికిత్స నిర్ణయానికి లక్షణాలు, ఇంట్లో క్షయ రోగి ఉండటం, ఎక్స్‌రే, మలం వంటి నమూనాల జన్యు పరీక్ష ఆధారమవుతున్నాయి. టి-కణ సూచికలు అందులో లేవు.