పొలము లేనివాని ఇల్లు

ఇంటికి అప్పిచ్చునప్పుడు ప్రభుత్వము మొదట అడుగు ప్రశ్న, నీవెవరవని. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ ప్రశ్న నడచిన త్రోవను మనము కొంత పరికింతము.

అచ్చటి 1949 గృహనిర్మాణ చట్టము, 502వ విభాగము క్రింద, పల్లెలలో ఇండ్లకు 33 సంవత్సరముల గడువుతో అప్పులిచ్చు భారమును ఫార్మర్స్ హోమ్ అడ్మినిస్ట్రేషన్ అను ప్రభుత్వ సంస్థపై నుంచెను. అప్పు గొనువాడు మాత్రము పొలము గలవాడై యుండవలెను. పొలములో పాటుపడువాడు రైతు కాడా యని మనము అడుగవచ్చును. చట్టము అడుగలేదు.

కాలిఫోర్నియాలోని టులారీ కౌంటీ ప్రత్తికి, ద్రాక్షకు, నారింజకు పేరు పొందిన సీమ. ఆ పంటలు కోయు కూలీలకు సరియైన ఇండ్లు లేవు. 1961లో చట్టమును సవరించి, పొలము లేని గ్రామవాసులకును అప్పు పొందు అర్హత కల్పించిరి. అయినను, చేత సొమ్ము లేని కూలీ తన వంతు పెట్టుబడిగా ఏమి పెట్టగలడు? కష్టమునే పెట్టుమనిరి, అచ్చట పనిచేయుచున్న క్వేకరు సేవాసంఘమువారు. గోషెన్ అను చిన్న ఊరిలో మూడు కుటుంబములు కలిసి, నాట్ల వేళ మన పల్లెలలో బదులు పనికి పోయినట్లు, ఒకరి యింటికి ఒకరు గోడలెత్తిరి. 1963లో ఆ మూడిండ్లు పూర్తియయ్యెను.

1965లో ఈ పని సాగించుటకు సెల్ఫ్ హెల్ప్ ఎంటర్‌ప్రైజెస్ అను సంస్థ వెలసెను. అప్పులిచ్చిన పాత సంస్థ 1994లో రద్దు కాగా, ఆ బాధ్యత వ్యవసాయశాఖలోని గ్రామీణ గృహ విభాగమునకు సంక్రమించెను. ఈ కట్టుబడిలో మనకు మిక్కిలి నచ్చిన నియమ మొకటి కలదు: జట్టులోని ఇండ్లన్నియు ముగియనిదే ఏ యొక్కరును గృహప్రవేశము చేయరాదు.