ఇరుకు స్లాట్లలో వేగవంతమైన లాన్ కార్డులు

లాన్ కార్డు తీగ మీద ఎంత వేగంగా పనిచేసినా, అందుకున్న సమాచారం మదర్‌బోర్డు మీది స్లాటు గుండానే ప్రాసెసరును చేరాలి. స్లాటు సామర్థ్యం చాలకపోతే కార్డు వేగానికి అక్కడే కళ్లెం పడుతుంది. ఈథర్‌నెట్ ప్రమాణాలు చాలాకాలం పదేసి రెట్ల చొప్పున పెరిగాయి. స్లాట్లు ఆ ఊపున మారలేదు. అందుకే ఈ చిక్కు ప్రతి తరంలోనూ తలెత్తింది. నెట్‌వర్క్ వేగాన్ని బిట్లలో, స్లాటు వేగాన్ని బైట్లలో చెప్పడం ఆనవాయితీ. సెకనుకు 10 గిగాబిట్లంటే 1,250 మెగాబైట్లు.

1981 నాటి ఐబీఎం పీసీలో స్లాట్లు 8 బిట్లవి. 1984లో వచ్చిన ఏటీ నమూనాలో 16 బిట్లవి చేరాయి. ఈ రెండింటికీ తరవాత ఐఎస్ఏ అనే పేరు స్థిరపడింది. 10 మెగాబిట్ల ఈథర్‌నెట్‌కు సెకనుకు 1.25 మెగాబైట్లు చాలు కనుక అప్పట్లో ఇబ్బంది రాలేదు. 1995లో 100 మెగాబిట్ల ప్రమాణం వచ్చేసరికి ఐఎస్ఏ చేతులెత్తేసింది. అయినా పాత యంత్రాల కోసం 3కామ్ సంస్థ 3సీ515 అనే ఐఎస్ఏ కార్డును అమ్మింది. కొత్త 100 మెగాబిట్ల హబ్‌కు పాత యంత్రాన్ని కలపడానికి అది పనికొచ్చింది. పూర్తి వేగం ఆశించడానికి కాదు.

ఇంటెల్ 1992లో తెచ్చిన పీసీఐ బస్సు 32 బిట్లు, 33 మెగాహెర్ట్జ్‌లతో సెకనుకు 133 మెగాబైట్లు మోసేది. అయితే దాని మీది కార్డులన్నీ ఆ సామర్థ్యాన్నే పంచుకోవాలి. రాగితీగ మీద గిగాబిట్ ఈథర్‌నెట్‌కు 1999లో ప్రమాణం ఖరారైంది. దానికి ఒక్కో దిశలో 125 మెగాబైట్లు కావాలి. రెండు దిశలూ కలిస్తే బస్సు సామర్థ్యం దాటిపోతుంది, ఇక డిస్కులకు మిగిలేదేమీ ఉండదు.

సర్వర్లలో దీనికి దొరికిన దారి 64 బిట్లు, 66 మెగాహెర్ట్జ్‌ల పీసీఐ. దాని గరిష్ఠం 533 మెగాబైట్లు. దీన్ని సర్వర్లకు అందించిన చిప్‌సెట్ల చరిత్రలో ఒక తెలుగు పేరుంది. అమెరికాలో స్థిరపడిన రాజు వేగేశ్న 1994లో రిలయన్స్ కంప్యూటర్ కార్పొరేషన్‌ను స్థాపించారు. అదే తరవాత సర్వర్‌వర్క్స్ అయింది. ఇంటెల్ ఖరీదైన ర్యాంబస్ మెమరీ వైపు మొగ్గిన రోజుల్లో ఈ సంస్థ మామూలు ఎస్‌డీర్యామ్‌నే నమ్ముకుంది. సర్వర్‌సెట్ 3 శ్రేణి చిప్‌సెట్లలో మామూలు పీసీఐ బస్సుతో సంబంధం లేకుండా వేరే 64 బిట్ల బస్సు ఉండేది. గిగాబిట్ కార్డును అందులో పెడితే మిగతా కార్డులతో పోటీ తప్పేది. బ్రాడ్‌కామ్ 2001 జనవరిలో సర్వర్‌వర్క్స్‌ను కొనుగోలు చేసింది.

ఆ 64 బిట్ల స్లాట్లకూ ఒక మెలిక ఉండేది. 66 మెగాహెర్ట్జ్ బస్సు మీద ఒక్క 33 మెగాహెర్ట్జ్ కార్డు పెట్టినా బస్సంతా 33కు దిగిపోయేది. 64 బిట్ల కార్డును 32 బిట్ల స్లాటులో పెడితే దాని వెనుక కాళ్లు స్లాటు బయట ఖాళీగా ఉండేవి. వోల్టేజీ గాట్లు కుదిరితే కార్డు సగం వెడల్పుతో పనిచేసేది. 1999 నాటి పీసీఐ-ఎక్స్ వేగాన్ని 1,066 మెగాబైట్లకు పెంచింది. తొలి 10 గిగాబిట్ల కార్డులు కొన్ని దీని మీదే వచ్చాయి. అంటే తయారీ నాడే వాటికి స్లాటు చాలలేదు.

2004లో వాడుకలోకి వచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ పంపకాన్ని తీసేసి ప్రతి కార్డుకూ సొంత లేన్లు ఇచ్చింది. ఒక లేన్ మీద ఒక్కో దిశలో మొదటి తరంలో 250, 2007 నాటి రెండో తరంలో 500, 2010 నాటి మూడో తరంలో సుమారు 985 మెగాబైట్లు వెళ్తాయి. కార్డు, స్లాటు రెండూ బేరమాడుకుని ఉమ్మడిగా కుదిరే వెడల్పుకు, తరానికి ఒప్పుకుంటాయి. ఎనిమిది లేన్ల కార్డు నాలుగు లేన్ల స్లాటులోనూ నడవడానికి కారణం ఇదే. రెండో తరం కార్డుకు నాలుగు లేన్లు దొరికితే 2,000 మెగాబైట్లు, ఒక 10 గిగాబిట్ల పోర్టుకు ధారాళం. ఒకే లేన్ దొరికితే 500. ప్యాకెట్ల అదనపు ఖర్చు పోగా మూడు గిగాబిట్లకు కాస్త పైన ఆగుతుంది.

లెక్క కుదిరినా కార్డు స్లాటులో పట్టకపోవచ్చు. చివర తెరిచిన స్లాట్లు ఇందుకే ఉన్నాయి. అవి లేనిచోట కొందరు ప్లాస్టిక్ అంచును కోస్తారు. చెయ్యి జారితే లోపలి కాళ్లు తెగుతాయి కనుక రైజర్ కేబులే మేలు. కొన్ని కార్డులు తమ ఉనికిని చివరి కాలు ద్వారానే తెలుపుతాయి. ఆ కాలు చిన్న స్లాటు బయటే ఉండిపోతే, కొన్ని బోర్డులు కార్డును గుర్తించవు. ఎస్ఎస్‌డీల కోసం పెట్టిన ఎం.2 స్లాటులో చాలాసార్లు నాలుగు లేన్లుంటాయి. అడాప్టరుతో అక్కడా కార్డు పెట్టవచ్చు. అయితే అందులో 3.3 వోల్టులే వస్తాయి, 12 వోల్టులు వేరే తీగతో ఇవ్వాలి.

2017 నాటి నాలుగో తరంలో ఒక్క లేనే సుమారు 1,970 మెగాబైట్లు మోస్తుంది. మార్వెల్ ఏక్యూసీ113 చిప్ ఈ తరం స్లాటులో ఒకే లేన్ మీద 10 గిగాబిట్లు అందుకుంటుంది. అదే కార్డును మూడో తరం ఒంటి లేన్ స్లాటులో పెడితే 10 గిగాబిట్లు రావు.