గుంటూరులో కనిపించిన గీతలు

బార్కస్ పేరు బ్యారక్స్ నుంచి వచ్చిందని మా దగ్గర చిన్నపిల్లాడైనా చెప్తాడు. దగ్గర్లోని ఫిసల్‌బండలోనే నిజామియా అబ్జర్వేటరీ మొదట వెలిసిందంటే మాత్రం నమ్మరు. నాకు సూర్యుడి పిచ్చి అలా పట్టుకుంది. అసలు కథ మాత్రం గుంటూరుది.

1868 ఆగస్టు 18, సంపూర్ణ గ్రహణం. సూర్యుడి అంచున ఎగసిన ఎర్రటి జ్వాలల్ని ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ స్పెక్ట్రోస్కోపులో చూశాడు. రంగుల పట్టీ కాదు, విడివిడిగా మెరిసే గీతలు! అంటే అది వేడి వాయువు, ముఖ్యంగా హైడ్రోజన్. మర్నాడు గ్రహణం లేకుండానే మళ్లీ చూశాడు. నా దృష్టిలో అసలు ఘనత ఇదే. హీలియం గుంటూరులోనే దొరికిందని మనవాళ్లు మురిసిపోతారు గానీ, వ్యవహారం అంత సూటిగా లేదు. అక్కడి పసుపు గీత సోడియానిది కాదని వాదించినవాడు ఇంగ్లండులో లాకియర్. భూమ్మీద హీలియం చేతికి చిక్కింది 1895లో.

గీత ఎక్కడ పడిందో చూసి ఏ మూలకమో చెప్పొచ్చు, వెడల్పు చూసి ఎంత వేడో చెప్పొచ్చు. చిక్కేమిటంటే, వాయువు సుడులు తిరిగినా గీత వెడల్పవుతుంది. మరి ఏది ఎంత? హీలియం పరమాణువు హైడ్రోజన్ కన్నా నాలుగు రెట్లు బరువు, కాబట్టి అదే వేడిలో దాని వేగం సగమే. సుడికి బరువుతో పనిలేదు. రెండు గీతల్నీ పక్కపక్కన పెడితే లెక్క విడిపోతుంది. జ్వాలలో వేడి సుమారు 8,000 డిగ్రీలు, చుట్టూ ఉన్న కరోనాలో పది లక్షల పైనే. ఆ కొలిమిలో ఈ చల్లటి మబ్బును మోస్తున్నది అయస్కాంత క్షేత్రం.