ఉంగరాల జుట్టును సాపుచేయు విద్య: దాని పూర్వోత్తరములు

పెన్నయొడ్డున నున్న సంగము మొదలుకొని సముద్రతీరమువఱకు గల మన యూళ్లలో, గాలిలో తేమ హెచ్చినంతనే ఉంగరాల జుట్టుగల బాలికల తలలు దువ్వెనకు లొంగకుండుట యందఱెఱిగినదే. మన పెద్దలు దీనికి చేసిన చికిత్స స్వల్పము. ఆముదమో కొబ్బరినూనెయో అంటి, కుంకుడురసముతో రుద్ది, చిక్కుదీసి జడవేయుచుండిరి. జడ విప్పినచో వంకీలు మరల వచ్చెడివి; వచ్చినందులకు దిగులుపడినవారు లేరు. ఇప్పుడో, పెండ్లిచూపులకు ముందు కూతును నెల్లూరునకు గొనిపోయి, వేల రూపాయలిచ్చి, కురులను పట్టుదారములవలె సాపుచేయించి తెచ్చుట కొన్ని యిండ్లలో లాంఛనమైనది. దీనిని కెరటిన్ చేయించుట యందురు. ఈ విద్య యెవరి తలలమీదుగా మన గడపకు వచ్చినదో విచారింతము.

ముందుగా మన కావ్యభాషను చూడుడు. కుటిలమన్న మాట బుద్ధికి జేర్చిన నింద. కురులకు జేర్చిన స్తుతి. కుటిలకుంతల, అరాళకుంతల యని పిలువబడుట నాయికకు గౌరవమే గాని దోషము కాదు. నుదుట ముసరిన ముంగురులను తుమ్మెదలబారని మెచ్చుటయే మన సంప్రదాయము. (ఆ మెప్పునకు నలుపును పొడవును గూడ కావలసియుండెననుట నిజమే, కవులు ఆడువారిని ఊరక విడిచినవారు కారు.) కావున "జుట్టు బాగుచేయించితిమి" అను నేటి మాటలోని బాగు మన పాతసొత్తు కాదు.

వెండ్రుక కెరటిన్ అను మాంసకృత్తుతో నైనది. అందలి పోగులను ముఖ్యముగా రెండు విధములైన ముడులు పట్టియుంచును. మొదటిది నీటికి విడి, ఆఱినంతనే బిగియును. కాచిన యినుపపట్టకారుతో నొత్తిన జుట్టు సాపగుట యీ ముడి మూలముననే. అందుచేతనే తీరపు తేమగాలి సోకినంతనే ఆ సొగసు జాఱిపోవును. రెండవది గంధకపు ముడి. అది నీటికి లొంగదు. దానిని త్రెంచుటయో, లేదా దానితో పనిలేకుండ పోగులను క్రొత్త బంధములతో బిగించుటయో చేసినగాని సాపుదనము నిలువదు. ఇంతచేసినను కుదురునుండి పుట్టు క్రొత్త వెండ్రుక వంకరగనే పుట్టును గనుక, కొన్ని నెలలకు మరల రూకలు చెల్లింపవలసినదే.

ఆశ్చర్యమేమనగా, ఐరోపాలో ఈ శ్రమ తలక్రిందులుగా నడచెను. 1872 ప్రాంతమున పారిస్ నగరమున మార్సెల్ గ్రాతో అనువాడు కాచిన పట్టకారుతో సాపుజుట్టునకు అలలు దీర్చి ప్రసిద్ధుడయ్యెను. 1906లో కార్ల్ నెస్లర్ లండనులో చెరగని వంకీలు పెట్టు యంత్రమును ప్రదర్శించెను. ధనవంతురాండ్రు గంటలకొలది కూర్చుండి వంకీలు కొనిరి. ఆ కాలముననే అమెరికాలో నల్లజాతి స్త్రీలు పుట్టువంకీలను పోగొట్టుకొనుటకు పాట్లుపడుచుండిరి. అది విలాసము కాదు. బానిసత్వము తొలగినను, బిగువైన ఉంగరాల జుట్టు హీనతకు గుర్తుగా నెంచబడి, కొలువునకును మర్యాదకును అడ్డమగుచుండెను. 1867లో పుట్టిన సారా బ్రీడ్‌లవ్ అను నామె, మేడం సి. జె. వాకర్ అను పేరుతో, కేశసంరక్షణ వర్తకమున గొప్ప ధనమార్జించెను. కాచిన దువ్వెనను ఆమె కనిపెట్టెనని వ్రాయుదురు గాని, అది అంతకుముందే కలదు. 1913లో గారెట్ మోర్గన్ సాపుచేయు లేపనము నమ్ముటకు సంస్థను స్థాపించెను. తరువాతి దశాబ్దములలో కాస్టిక్ సోడా లేపనములు వ్యాపించినవి. సబ్బు వండుటకు వాడు క్షారము తలకెక్కెను! తన తలకు దానిని తొలిసారి పట్టించినప్పటి మంటను మాల్కం ఎక్స్ 1965లో వెలువడిన ఆత్మకథలో వర్ణించినాడు.

నేడు మన పట్టణములలో కెరటిన్ అను పేర జరుగు పద్ధతి బ్రెజిలు దేశమునుండి ఈ శతాబ్దారంభమున ప్రబలినది. పేరు కెరటిన్ దైనను, ఆ మందులు పెక్కింటిలో పోగులను బిగించి నిలుపునది ఫార్మాల్డిహైడు. శవములను చెడకుండ నిలుపుటకు వాడు ఫార్మలిన్‌లోని పదార్థమదియే. మందు పూసి, మిక్కిలి వేడియైన పట్టకారుతో నొత్తినపుడు అది ఆవిరియై గదిని నింపును. అది మానవులకు క్యాన్సరు గలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో నిర్ణయించెను. 2010లో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రమున కేశాలంకరణశాలలో పనిచేయువారికి కన్నులు మండి, ముక్కున రక్తము కాఱగా, అధికారులు మందును పరీక్షించిరి. "ఫార్మాల్డిహైడు లేనిది" అని వ్రాసిన సీసాలలోనే అది మెండుగా బయటపడెను. నీటిలో కలిసినపుడది మెథిలీన్ గ్లైకాల్ అను మాఱుపేరు ధరించును. సీసామీద ఆ పేరున్నను వస్తువొక్కటే.

2022లో వెలువడిన అమెరికా పరిశోధన యొకటి 33,497 మంది స్త్రీలను సుమారు పదునొకండేండ్లు గమనించినది. జుట్టు సాపుచేయు మందులెన్నడును వాడనివారిలో డెబ్బదియేండ్లలోపల గర్భాశయ క్యాన్సరు వచ్చు అవకాశము నూటికి 1.64 అనియు, తఱచు వాడినవారిలో 4.05 అనియు అంచనావేసిరి. ఇది సంబంధమును జూపినదేకాని కారణమును రుజువుపఱచినది కాదు. అయినను తీసివేయదగిన మాట కాదు. ఫార్మాల్డిహైడునకు బదులుగా వచ్చిన గ్లైఆక్సిలిక్ ఆమ్లము కథయు వినదగినది. 2020, 2021, 2022 సంవత్సరములలో మూడుమాఱులు జుట్టు సాపుచేయించుకొని, మూడుమాఱులును మూత్రపిండములు దెబ్బతిన్న యిరువదియాఱేండ్ల యువతిని గూర్చి 2024లో ఫ్రెంచి వైద్యులు ప్రకటించిరి. ఆ లేపనమును ఎలుకలమీద పరీక్షింపగా వాని మూత్రపిండములలో ఆక్సలేటు స్ఫటికములు కనబడెను.

మనకు పొరుగుననే తిరుమలలో మన స్త్రీలు మ్రొక్కుబడిగా సమర్పించు కురులు వేలమున అమ్ముడై, సముద్రములు దాటి, కొంతభాగము ఆ నల్లజాతి స్త్రీల తలలమీదికే చేరుచున్నది. క్రిస్ రాక్ అను హాస్యనటుడు 2009లో "గుడ్ హెయిర్" అను చిత్రమున ఈ వర్తకమును జూపెను. అయితే అక్కడ గాలి మాఱుచున్నది: పుట్టుజుట్టును సాకుగా జేసికొని పాఠశాలలలోను కొలువులలోను భేదము చూపరాదని 2019లో కాలిఫోర్నియా చట్టము చేసెను. మనయొద్ద పెండ్లిచూపుల చావడికి ఏ చట్టమును రాదు. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వితంతువివాహము జరిపించిన నాడు, ఎందఱో వితంతువుల శిరోజములు వారి యిష్టముతో నిమిత్తము లేకయే తీయబడుచుండెను. నేడు కూతు జుట్టును ఎవరును తీయించుట లేదు. కాని సాపుచేయించునపుడు ఆమెను అడిగితిమా యన్న ప్రశ్న మాత్రము నిలిచియున్నది.

ఆమెయే కోరినచో, సీసామీది పేర్లను చదివి, మందు పట్టించు గదికి కిటికీలున్నవో లేవో చూడవలెను. మన పిల్ల ఆ పొగను ఏటికి రెండుమాఱులు పీల్చును. ఆమె వెనుక నిలిచి పట్టకారు పట్టిన పిల్ల, పెండ్లిండ్ల కాలమున, దినదినమును పీల్చును.